రాకెట్టుకైనా, ఇంటి కంప్యూటరుకైనా పనిని బట్టే ప్రాసెసర్

పాతదానికి కొత్త మెదడు కొనేముందు నాలుగు లెక్కలు

సూళ్లూరుపేట: 2024 డిసెంబరు 30వ తేదీ రాత్రి 10 గంటల వేళ సూళ్లూరుపేటలో మిద్దెలన్నీ మనుషులతో నిండిపోయాయి. పులికాట్ సరస్సు ఆవలి గట్టున ఆకాశం ఒక్కసారిగా తెల్లవారినట్లయింది. శ్రీహరికోటలోని సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం నుంచి పీఎస్ఎల్వీ-సీ60 రాకెట్టు నిప్పులు కక్కుతూ పైకి లేచింది. కొద్దిసేపటికి కిటికీ రెక్కలు అదిరాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ రాకెట్టు మోసుకుపోయిన జంట ఉపగ్రహాలు 2025 జనవరి 16న ఆకాశంలో ఒకదానితో ఒకటి అతుక్కుని దేశానికి పేరు తెచ్చిన సంగతి పాఠకులకు తెలిసిందే.

అయితే ఆ రాత్రి అదే రాకెట్టులో మరొకటి కూడా ప్రయాణం చేసింది. అరచేతిలో ఇమిడిపోయే ఆ వస్తువు పేరు విక్రమ్ 3201. అది ఒక ప్రాసెసర్. అంటే కంప్యూటరుకు మెదడు వంటిది. మన దేశంలోనే రూపొంది, మన దేశంలోనే తయారై, అంతరిక్షంలో పరీక్షకు నిలిచిన చిప్పు అది.

రాకెట్టు వెళ్లిపోయింది. జనం మిద్దెలు దిగారు. ఆ మిద్దెల కిందనే కొన్ని ఇళ్లలో వేరొక చర్చ చాలాకాలంగా సాగుతున్నది. ఇంట్లో ఉన్న పాత కంప్యూటరు నత్తనడక నడుస్తున్నది. దానికి కొత్త ప్రాసెసర్ వేయాలా? వేస్తే ఏది వేయాలి? చేతిలో ఉన్న డబ్బు సరిపోతుందా? రాకెట్టుకు మెదడును ఎంచిన శాస్త్రజ్ఞులకూ, ఇంటి కంప్యూటరుకు ఎంచవలసిన తల్లిదండ్రులకూ మొదటి ప్రశ్న ఒక్కటే కావడం విశేషం. దీనితో చేయవలసిన పని ఏమిటి? అన్నదే ఆ ప్రశ్న.

ఒకే ఏడాది పుట్టిన రెండు

శ్రీహరికోటకూ, ప్రాసెసర్‌కూ పుట్టిన సంవత్సరం ఒక్కటే. 1971 అక్టోబరు 9న రోహిణి-125 రకం చిన్న రాకెట్టు ప్రయోగంతో శ్రీహరికోట రంగప్రవేశం చేసింది. సరిగ్గా ఆ మరుసటి నెల, నవంబరు 15న, అమెరికాలో ఇంటెల్ కంపెనీ 4004 అనే చిప్పును బజారులో పెట్టింది. మొత్తం ప్రాసెసర్‌ను ఒకే చిప్పులో పెట్టి అమ్మకానికి తెచ్చిన తొలి వస్తువుగా దానికి పేరు. జపానుకు చెందిన ఒక లెక్కల యంత్రాల కంపెనీ కోసం తయారైన ఆ చిప్పులో ఉన్న ట్రాన్సిస్టర్లు 2,300 మాత్రమే. ఈనాడు ఇళ్లలో వాడే మధ్యరకం ప్రాసెసర్లలో కొన్నింటిలో ఆ సంఖ్య వెయ్యి కోట్లు దాటిపోయింది.

శ్రీహరికోట కూడా అంతే వేగంగా ఎదిగింది. 1979 ఆగస్టులో ఎస్ఎల్వీ-3 తొలి ప్రయత్నం విఫలమైనా, 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టి తలెత్తుకున్నది. నాటి నుంచి రాకెట్లు పెద్దవయ్యాయి. వాటిని నడిపించే లెక్కలు కూడా పెద్దవయ్యాయి. లెక్కలు పెరిగినప్పుడు మెదడు కూడా మారక తప్పదు.

పదహారు నుంచి ముప్పయి రెండుకు

ఇస్రో రాకెట్లలో 2009 నుంచి విక్రమ్ 1601 అనే 16 బిట్ల ప్రాసెసర్ పనిచేస్తూ వచ్చింది. మొహాలీలోని సెమీ కండక్టర్ ల్యాబొరేటరీలో 180 నానోమీటర్ల చిప్పుల తయారీకి ఏర్పాట్లు జరిగాక, 2016లో ఈ చిప్పు పూర్తిగా దేశంలోనే తయారైన రూపంలో రాకెట్టు ఎక్కింది. 1989లో అగ్నిప్రమాదానికి గురై, మళ్లీ కోలుకున్న సంస్థ ఇది. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం వారు ఈ సంస్థతో కలిసి తరువాతి మెట్టుగా 32 బిట్ల విక్రమ్ 3201ను తయారు చేశారు. దానితో పాటు కల్పన 3201 అనే మరో ప్రాసెసర్ కూడా రూపొందింది.

16 బిట్లు, 32 బిట్లు అంటే ఏమిటో సామాన్యులకు అర్థమయ్యేలా చెప్పుకోవాలంటే బీడీ కట్టల లెక్క చాలదు, పట్టీ పుస్తకం కావాలి. 16 గళ్లున్న పుస్తకంలో ఒక్కొక్క గడిలో సున్నా గానీ, ఒకటి గానీ రాస్తూ పోతే 65,535 వరకే లెక్క నడుస్తుంది. 32 గళ్లుంటే అదే లెక్క 429 కోట్లు దాటుతుంది. గళ్లు రెట్టింపయితే లెక్క వేల రెట్లు పెరిగిందన్నమాట. దశాంశ బిందువుతో కూడిన లెక్కలను నేరుగా చేయగలగడం విక్రమ్ 3201లోని మరొక సదుపాయం.

చిన్న గడిలో పెద్ద అంకె ఇరికిస్తే ఏమవుతుందో 1996 జూన్ 4న ప్రపంచం చూసింది. దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానా నుంచి ఐరోపా దేశాల ఏరియన్-5 రాకెట్టు తొలిసారి లేచి, సుమారు 40 సెకన్లకు ఆకాశంలోనే ముక్కలైపోయింది. పాత ఏరియన్-4లో వాడిన ప్రోగ్రాములో ఒక భాగాన్ని అలాగే కొత్తదానిలో ఉంచారు. కొత్త రాకెట్టు వేగం ఎక్కువ. ఆ వేగం తాలూకు అంకెను 16 బిట్ల గడిలోకి మార్చబోతే, 32,767 దాటిన అంకె అందులో పట్టలేదు. దిక్కు చూపవలసిన కంప్యూటరు చేతులెత్తేసింది. ఒక భాగాన్ని కొత్తది వేసి, దానికి సరిపడని మరో భాగాన్ని పాతదే ఉంచితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కరలేదు. ఇంటి కంప్యూటరు కొనేవారు కూడా ఈ మాటను గుర్తుంచుకోవలసి ఉన్నది.

ఇస్రో వారు తొందరపడలేదు. విక్రమ్ 3201ను ముందుగా రాకెట్టును నడిపించే పనిలో పెట్టలేదు. పీఎస్ఎల్వీ-సీ60లో పని ముగిశాక మిగిలే నాలుగో దశను వృథాగా వదిలేయకుండా, 24 ప్రయోగ పరికరాలతో పోయెమ్-4 అనే తిరిగే ప్రయోగశాలగా మార్చారు. ఆ ప్రయోగశాలను నడిపే కంప్యూటరులో ఈ చిప్పును పెట్టి పరీక్షించారు. అలసంద గింజలు ఆకాశంలో మొలకెత్తింది కూడా ఆ పోయెమ్-4లోనే. అక్కడ గట్టిగా నిలిచాక 2025 మార్చి 5న తొలివిడత చిప్పులను ఢిల్లీలో ఇస్రో అధ్యక్షులు డాక్టర్ వి. నారాయణన్‌కు అందజేశారు. అదే సంవత్సరం సెప్టెంబరు 2న సెమీకాన్ ఇండియా సభలో కేంద్రమంత్రి అశ్వినీ వైష్ణవ్ విక్రమ్ చిప్పును ప్రధాని నరేంద్ర మోదీకి బహూకరించారు.

వేగం కాదు, ఓర్పు

ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. విక్రమ్ 3201 తయారైన 180 నానోమీటర్ల పద్ధతి 1999-2000 ప్రాంతంలో ఇంటి కంప్యూటర్ల చిప్పులకు వాడినది. ఈనాడు చేతిలో ఉండే సెల్‌ఫోను చిప్పులు అంతకంటే ఎన్నో రెట్లు సూక్ష్మంగా, ఎన్నో రెట్లు వేగంగా ఉన్నాయి. మరి రాకెట్టులో సెల్‌ఫోను చిప్పు పెట్టవచ్చు కదా? అని ఎవరికైనా సందేహం కలుగుతుంది.

రాకెట్టులో మెదడు సినిమాలు చూడదు, ఆటలు ఆడదు. దాని పని కొన్ని లెక్కలే. ఆ లెక్కలను మాత్రం ఒక్కసారి కూడా తప్పకుండా చేయాలి. గడ్డకట్టే చలి, మరిగించే వేడి, ఎముకలు కదిలే అదురు, అంతరిక్షం నుంచి దూసుకువచ్చే కణాల తాకిడి అన్నీ తట్టుకోవాలి. విక్రమ్ 3201 మైనస్ 55 డిగ్రీల నుంచి 125 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకునేలా తయారైంది. చిప్పులోని నిర్మాణం మరీ సూక్ష్మమైన కొద్దీ కణం తాకిడికి ఒక అంకె తారుమారయ్యే ప్రమాదం సాధారణంగా ఎక్కువ. అందుకే అంతరిక్షంలో పాతకాలపు పద్ధతికే గౌరవం.

ఈ విషయంలో అమెరికా వారిదీ అదే దారి. 2021 ఫిబ్రవరిలో అంగారకుడిపై దిగిన పర్సెవరెన్స్ రోవరులోని ప్రధాన ప్రాసెసర్ వేగం 200 మెగాహెర్ట్జ్ మాత్రమే. అది 1998లో ఆపిల్ కంపెనీ ఐమ్యాక్ కంప్యూటర్లలో వాడిన రకానికి గట్టి కవచం తొడిగిన చిప్పు. అదే రోవరు వెంట వెళ్లిన ఇన్‌జెన్యూటీ అనే బుల్లి హెలికాప్టరులో మాత్రం సెల్‌ఫోన్లలో వాడే స్నాప్‌డ్రాగన్ చిప్పు పెట్టారు. హెలికాప్టరుకు ఎగిరే క్షణాన వేగం కావాలి. అది ప్రయోగం కాబట్టి కొంత ప్రమాదానికి సిద్ధపడ్డారు. ఒకే ప్రయాణంలో రెండు పనులు, రెండు మెదళ్లు. పనిని బట్టే ఎంపిక జరిగింది.

టైలరు ఇంటి లెక్క

ఇక ఊళ్లోకి వద్దాం. సూళ్లూరుపేటలో బట్టలు కుట్టే ఒక కుటుంబం. పెద్దమ్మాయి కంప్యూటర్ డిప్లొమా చదువుతున్నది. కరోనా రోజుల్లో ఇంటి నుంచి చదువులు మొదలైనప్పుడు మద్రాసులో ఒక ఆఫీసు తీసేసిన కంప్యూటరును పాతధరకు కొన్నారు. అందులో ఉన్నది ఇంటెల్ నాలుగో తరం ఐ5 ప్రాసెసర్. 2013లో వచ్చిన రకం. 4 జీబీ ర్యాము, పాత హార్డ్ డిస్కు.

రెండేళ్లు బాగానే నడిచింది. తరువాత పొద్దున బటన్ నొక్కితే కాఫీ తాగి వచ్చేదాకా తెర మీద బొమ్మ రావడం లేదు. ప్రోగ్రాము రాసేందుకు ఒక కిటికీ, పాఠం చూసేందుకు మరో కిటికీ తెరిస్తే బిగుసుకుపోతున్నది. పైగా ఆ కంప్యూటరులో ఉన్న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ కంపెనీ ఉచిత రక్షణ సవరణలను 2025 అక్టోబరు 14తో నిలిపివేసింది. విండోస్ 11 వేసుకుందామంటే ఇంటెల్ వారివి ఎనిమిదో తరం, ఆ తరువాతి ప్రాసెసర్లకే సాధారణంగా అనుమతి. నాలుగో తరం దాని దరిదాపుల్లో లేదు.

చీటీ పాడగా చేతికి 20 వేలు వచ్చాయి. ఆ డబ్బుతో ఓవర్‌లాక్ మిషను కొనాలని తండ్రి ఆలోచన. అది ఉంటే అంచులు కుట్టించడానికి బయటి వారికి ఇచ్చే కూలి మిగులుతుంది. అమ్మాయికి కంప్యూటరు కావాలి. బజారులో విచారిస్తే, ప్రాసెసర్ మార్చాలంటే ప్రాసెసర్ ఒక్కటే మారితే కుదరదనీ, మదర్‌బోర్డు, ర్యాము కూడా మార్చాలనీ, అంతా కలిపి 18 వేలు దాటుతుందనీ చెప్పారు. ఆ మాట అబద్ధం కాదు. నాలుగో తరం ప్రాసెసర్ కూర్చునే పీట వేరు, కొత్త తరం కూర్చునే పీట వేరు. పాత బోర్డు డీడీఆర్3 ర్యామును తీసుకుంటుంది, కొత్త బోర్డులు డీడీఆర్4 లేదా డీడీఆర్5ను తీసుకుంటాయి. కొన్ని ఆఫీసు కంప్యూటర్లలోనైతే కరెంటు ఇచ్చే పెట్టె, అదే ఎస్ఎంపీఎస్, కంపెనీ సొంత కొలతల్లో ఉంటుంది. అప్పుడు అదీ మారాలి. చివరికి మిగిలేది డబ్బా, తెర మాత్రమే.

మిషనా, కంప్యూటరా? అని రెండు రోజులు ఇంట్లో తర్జనభర్జన జరిగింది. "నాన్నా, కొనే ముందు అసలు జబ్బు ఎక్కడుందో చూద్దాం" అన్నది అమ్మాయి. ఆ ఒక్క మాట ఆ ఇంటి 20 వేలను కాపాడింది.

జబ్బు ఎక్కడుంది?

కంప్యూటరును పెళ్లివారి వంటశాలతో పోల్చవచ్చు. ప్రాసెసర్ వంటమనిషి. ర్యాము కూరలు తరిగి పెట్టుకునే గట్టు. హార్డ్ డిస్కు సరుకులుండే కొట్టుగది. వంట ఆలస్యమవుతున్నదంటే వంటమనిషే చేతకానివాడని అనుకోనక్కరలేదు. గట్టు ఇరుకైనా, కొట్టుగది నుంచి సరుకు తెచ్చే కుర్రవాడు మెల్లగా నడిచినా, ఎంత గొప్ప వంటమనిషైనా చేతులు ముడుచుకుని నిలబడవలసిందే.

దీన్ని తెలుసుకునేందుకు పైసా ఖర్చు లేని సాధనం ప్రతి విండోస్ కంప్యూటరులోనూ ఉన్నది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు బటన్లూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్నచోట ప్రాసెసర్, మెమరీ, డిస్కు ఎంతెంత శ్రమపడుతున్నాయో నూటికి ఇంత అని చూపిస్తుంది. మామూలుగా చేసే పని చేస్తూ పది నిమిషాలు దాన్ని గమనిస్తే చాలు. ప్రాసెసర్ అదేపనిగా నూటికి నూరు చూపితే దాన్ని మార్చే ఆలోచన చేయవచ్చు. డిస్కు నూరు చూపుతూ, ప్రాసెసర్ ఇరవై దగ్గర ఉంటే, ప్రాసెసర్ మీద పెట్టే డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

టైలరు ఇంటి కంప్యూటరులో డిస్కు నూరు దగ్గరే నిలిచిపోయింది. మెమరీ దాదాపు నిండిపోయింది. ప్రాసెసర్ మాత్రం ఇరవై దాటడం లేదు. పాత హార్డ్ డిస్కు స్థానంలో ఒక చిన్న ఎస్ఎస్‌డీ, వాడిన డీడీఆర్3 ర్యాము మరో 4 జీబీ తెచ్చి వేశారు. దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టును తుడిచి కొత్తది రాశారు. అంతా కలిపి మూడు వేల లోపు అయింది. పాత డిస్కును ఫోటోలు, పాఠాలు దాచుకోవడానికి ఉంచుకున్నారు. విండోస్ బెడద తప్పించుకునేందుకు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకున్నారు. ఉబుంటు వంటివే కాక, మన దేశంలో సీ-డాక్ సంస్థ తయారు చేసిన బాస్ అనే లినక్స్ కూడా ఉన్నది. అందులో తెలుగు కూడా వాడుకోవచ్చు. డిప్లొమాలో చెప్పే సీ, జావా, పైథాన్ పాఠాలకు లినక్స్ ఏ విధంగానూ తక్కువ కాదు. విండోస్ 10 తప్పనిసరి అనుకునే ఇళ్లకు 2026 అక్టోబరు 13 వరకు అదనపు రక్షణ సవరణలు పొందే వీలును కంపెనీ కల్పించింది.

ఓవర్‌లాక్ మిషను ఇంటికి వచ్చింది. పక్కగదిలో అమ్మాయి కంప్యూటరు కూడా నడుస్తున్నది.

ఫోటో స్టూడియో కథ వేరు

అయితే అందరికీ ఇదే మందు పనికిరాదు. అదే పట్టణంలో పెళ్లి వీడియోలు తయారుచేసే ఒక యువకుడికి 2019లో కొన్న కంప్యూటరు ఉన్నది. అందులో ఏఎండీ కంపెనీ రైజెన్ 3 2200జీ ప్రాసెసర్. ఎస్ఎస్‌డీ ముందే ఉన్నది. ర్యాము చాలినంత ఉన్నది. అయినా ఒక పెళ్లి వీడియోను పూర్తిచేసి బయటికి తీయాలంటే రాత్రంతా పడుతున్నది. ముహూర్తాల రోజుల్లో మూడు పెళ్లిళ్లు వస్తే రెండింటికి గడువు తప్పి బేరాలు పోతున్నాయి. టాస్క్ మేనేజరులో చూస్తే ప్రాసెసర్ నూటికి నూరు. ఇక్కడ జబ్బు వంటమనిషిలోనే ఉన్నది. నలుగురు వంటవాళ్లు పదిమంది పని చేయలేకపోతున్నారు.

అదృష్టం ఏమిటంటే ఏఎండీ వారు 2016లో తెచ్చిన ఏఎం4 అనే పీటను చాలా ఏళ్లు మార్చలేదు. అదే బోర్డులో, బోర్డు కంపెనీ సమ్మతించిన మేరకు, రైజెన్ 5 5600జీ కూర్చుంటుంది. అందులో ఆరు కోర్లు. ఒక్కొక్కటి రెండేసి పనులు పంచుకోగలదు కాబట్టి పన్నెండు చేతులన్నమాట. పాతదానిలో నాలుగే. పాత ర్యామే సరిపోతుంది, బోర్డూ సరిపోతుంది. ప్రాసెసర్ ఒక్కటి కొంటే చాలు. పైగా పాత 2200జీకి విండోస్ 11 అనుమతి లేదు, 5600జీకి ఉన్నది.

ఇక్కడ రెండు గోతులున్నాయి. కొత్త ప్రాసెసర్‌ను గుర్తుపట్టేలా బోర్డులోని బయోస్ అనే ప్రోగ్రామును పాత ప్రాసెసర్ ఉండగానే కొత్తది చేసుకోవాలి. ముందే పాతది పీకేస్తే కొత్తదానితో తెర మీద బొమ్మే రాకపోవచ్చు. బయోస్ మారుస్తున్నప్పుడు నడిమధ్య కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోయే ప్రమాదం ఉన్నది. మన ఊళ్లలో కరెంటు సంగతి వేరే చెప్పనక్కరలేదు. యూపీఎస్ బ్యాటరీ బాగుందని చూసుకున్నాకే ఆ పనికి పూనుకోవాలి.

రెండోది పేరు చివర అక్షరం. 5600జీలో బొమ్మను చూపే గ్రాఫిక్స్ లోపలే ఉన్నాయి. 5600 అనే దానిలో లేవు. కొద్దిగా చవకగా వచ్చిందని అది కొంటే, గ్రాఫిక్స్ కార్డు వేరుగా కొనేదాకా తెర నల్లగానే ఉంటుంది. ఇంటెల్ వారి ప్రాసెసర్లలో పేరు చివర 'ఎఫ్' ఉంటే అదే పరిస్థితి.

పేరు కాదు, తరం చూడాలి

ఐ7 అంటే గొప్పది, ఐ3 అంటే తక్కువది అన్న నమ్మకం జనంలో బాగా పాతుకుపోయింది. ఇది సగం నిజమే. ఒకే తరంలో పోల్చినప్పుడే ఆ మాట చెల్లుతుంది. 2013 నాటి నాలుగో తరం ఐ7-4770 కంటే 2022లో వచ్చిన పన్నెండో తరం ఐ3-12100 గట్టిది. రెండింటిలోనూ కోర్లు నాలుగే. అయినా తరాల తేడా అటువంటిది. నంబరులో మొదటి అంకె లేదా రెండు అంకెలు తరాన్ని చెబుతాయి. 4770లో 4, 12100లో 12. ఇంటెల్ వారు తమ కొత్త రకాలకు ఈ పేర్ల పద్ధతిని మార్చారు కనుక, వాటి విషయంలో విడుదలైన సంవత్సరం అడిగి తెలుసుకోవడం మేలు.

పీట విషయంలోనూ పేరును నమ్మరాదు. ఇంటెల్ ఆరు, ఏడు తరాల బోర్డులూ, ఎనిమిది, తొమ్మిది తరాల బోర్డులూ రెండింటినీ ఎల్‌జీఏ 1151 అనే పిలుస్తారు. కూర్చోవడం కూర్చుంటుంది గానీ పాత బోర్డు కొత్త ప్రాసెసర్‌ను మామూలుగా నడపదు. ఈ ఒక్క విషయం తెలియక డబ్బు పోగొట్టుకునే వీలున్నది. కొనేముందు బోర్డు నంబరును రాసుకుని, ఆ కంపెనీ ప్రకటించిన జాబితాలో మనం కొనబోయే ప్రాసెసర్ పేరు ఉన్నదో లేదో చూసుకోవడమే రక్ష.

రిచీ స్ట్రీటుకు వెళ్లేవారికి

సూళ్లూరుపేట వారికి మద్రాసు దగ్గర. సబర్బన్ రైలెక్కితే మౌంట్ రోడ్డు దాపునున్న రిచీ స్ట్రీటుకు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. అక్కడ దొరకని విడిభాగం లేదంటారు. అయితే దూరపు బేరంలో లాభమెంతో జాగ్రత్త కూడా అంతే అవసరం.

పెట్టెతో, బిల్లుతో వచ్చే ప్రాసెసర్‌కు సాధారణంగా కంపెనీ వారెంటీ ఉంటుంది. పెట్టె లేకుండా విడిగా అమ్మేవాటికి వారెంటీ ఎవరిదో, ఎన్నాళ్లో బిల్లు మీద రాయించుకోవాలి. వాడిన ప్రాసెసర్ అయితే కొట్టులోనే బోర్డులో పెట్టించి, తెర మీద దాని పేరు, కోర్ల సంఖ్య చూసుకోవాలి. ఏఎం4 రకం ప్రాసెసర్ల అడుగున సూదుల్లాంటి కాళ్లుంటాయి. ఒక్కటి వంగినా ఇబ్బందే కనుక వెలుతురులో వంచి చూడాలి. చిప్పు చల్లబరిచే ఫ్యాను ధరలో కలిసిందో లేదో అడగాలి. మన వైపు మే నెల ఎండల్లో ఫ్యాను లేని పొదుపు పొదుపు కాదు.

ప్రాసెసర్ ధర ఒక్కటే చూసి బయలుదేరితే తిరుగు రైలుకు డబ్బు మిగలదు. 2025 చివరి నెలల్లో ర్యాము ధరలు బాగా ఎగబాకాయి. కృత్రిమ మేధ యంత్రాల కోసం పెద్ద కంపెనీలు మెమరీ చిప్పులను ఎగబడి కొనడం ఇందుకు ప్రధాన కారణం. అందువల్ల ఉన్న ర్యామును వాడుకునే దారి ఉంటే అదే మొదట చూడాలి. డీడీఆర్4 ర్యాము ఉన్నవారు ఆ ర్యామును తీసుకునే బోర్డునే కొనవచ్చు. పన్నెండో తరం ఇంటెల్ ప్రాసెసర్లకు ఆ రకం బోర్డులూ, డీడీఆర్5 రకం బోర్డులూ రెండూ ఉన్నాయి. ఒక రకం ర్యాము మరొక రకం బోర్డులో దూరదు.

కొలత ఒక్కటే

చెంగాళమ్మకు మొక్కి రాకెట్టు ఎగరేసేవారు కూడా లెక్క చూసుకోకుండా ఎగరేయరు. ఏడేళ్లు పదహారు బిట్లతో నడిచిన తరువాత దాన్నే దేశంలో తయారుచేసి వాడారు. ముప్పయి రెండు బిట్లు అవసరమైనప్పుడు తయారు చేశారు. తయారైందని వెంటనే రాకెట్టు పగ్గాలు దాని చేతికి ఇవ్వలేదు. ముందు పోయెమ్‌లో పెట్టి చూశారు. అవసరం, అమరిక, పరీక్ష అన్న మూడు మెట్లూ వరుసగా ఎక్కారు.

ఇంటి కంప్యూటరుకూ మెట్లు అవే. మొదట జబ్బు ఎక్కడుందో చూడాలి. ప్రాసెసర్‌లోనే ఉన్నదని తేలితే ఉన్న బోర్డుకు ఏది అమరుతుందో చూడాలి. అమరేది లేకపోతేనే మొత్తం మార్చే ఆలోచన చేయాలి. తెచ్చాక కొట్టులోనే పరీక్షించాలి. టైలరు ఇంట్లో ప్రాసెసర్ మారలేదు, అది సరైన నిర్ణయం. స్టూడియోలో మారింది, అదీ సరైన నిర్ణయమే. ముహూర్తాల రోజుల్లో ఆ యువకుడు ఇప్పుడు బేరాలు వదులుకోవడం లేదు.

శ్రీహరికోటలో మళ్లీ రాకెట్టు లేచినప్పుడు సూళ్లూరుపేట మిద్దెల మీద మళ్లీ జనం నిండుతారు. వారిలో టైలరు కూతురు కూడా ఉంటుంది. పదమూడేళ్ల కిందటి ప్రాసెసర్ మీద ప్రోగ్రాములు నేర్చుకుంటున్న ఆ అమ్మాయికి, ఆ నిప్పుల వెనుక ఏ మెదడు పనిచేస్తున్నదో ఇప్పుడు తెలుసు.